నాన్న కొట్టని బంతులు

ఫెర్రిస్‌బర్గ్, టెన్నెస్సీ
1967 ఏప్రిల్ 23

రోజలీ అక్కా,

ఈ ఉత్తరం బావకి చదివి వినిపించే ముందు అతని చేతిలో కాఫీ ఉంటే కింద పెట్టించు. పొలమారుతుంది. నీ తమ్ముడు కోచ్ అయ్యాడు.

పోయిన సోమవారం మా మేనేజర్ ఓటిస్ క్రాండల్ నన్ను తన గదికి రమ్మన్నాడు. పదహారేళ్ళుగా చిన్న బేస్‌బాల్ లీగుల్లో బస్సులు మారుతూ బతుకుతున్నవాణ్ణి, ఆ పిలుపుకు అర్థం నాకు తెలుసు. పైకి పంపడానికో, ఇంటికి పంపడానికో. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి, ఈ ఏడు నా బ్యాటుకు సరిగ్గా తగిలిన బంతులు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. అయినా నా బుద్ధి చూడు, పెద్ద లీగు వాళ్ళు మళ్ళీ అడిగారేమోనని జుట్టు తడి చేసి దువ్వుకుని మరీ వెళ్ళాను.

"నీ కాళ్ళ పని అయిపోయింది మైలో," అన్నాడు క్రాండల్. "నోరు మాత్రం భేషుగ్గా ఉంది. రేపట్నుంచి ఇన్‌ఫీల్డ్ వాళ్ళకి కోచ్‌గా ఉంటావా, ఇంటికెళ్తావా?"

ఇంటికొస్తే నీ బడి వంటశాలలో గిన్నెలు కడగాలి. ఉంటానన్నాను. అలా ముగిసింది నా ఆట. పెద్ద లీగులో మొత్తం పంతొమ్మిది రోజులు, అందులో పదకొండు రోజులు వాన.

బావకి ఇన్‌ఫీల్డ్ అంటే ఇప్పటికీ తెలియదు కాబట్టి చెప్పు: బేసుల దగ్గర నలుగురు కాపలా ఉంటారు. బ్యాటు తగిలి నేల మీద ఎగురుతూ వచ్చే బంతిని పట్టి, కొట్టినవాడు మొదటి బేసు చేరేలోగా అక్కడికి విసరాలి. అంతే పని. ఆ నలుగురిలో ఎక్కువ బంతులు వచ్చేది షార్ట్‌స్టాప్‌కి, అంటే ఒకప్పటి నాకు. ఇప్పుడు ఆ చోట ఆల్సైడ్ బ్రూసార్డ్ అనే లూసియానా వాడున్నాడు. ఇరవై ఏళ్ళు, ఫిరంగి లాంటి చెయ్యి. కానీ బంతి దగ్గరికొచ్చేసరికి దానికి దారి ఇచ్చి నిలబడతాడు.

మొదటి రోజే నేను "ఇదిగో, ఇలా" అని చేసి చూపించబోయాను. బంతి నా రెండు కాళ్ళ మధ్య నుంచి దర్జాగా వెనక్కి పోయింది. నలుగురూ మర్యాదగా ఆకాశం వైపు చూశారు.

నీ తమ్ముడు,
మైలో

హాలెక్, నెబ్రాస్కా
మే 5

ఒరేయ్ మైలో,

ఎమిల్ కాఫీ పక్కన పెట్టాడు గానీ నేను పెట్టుకోలేదు. బల్లమీద గుడ్డ పాడైంది. ఇకనుంచి కోచ్ గారూ అని రాయాలా, ఏకవచనం చాలా? గిన్నెలు కడగడానికి మనిషి దొరికింది, ఇక్కడ నీకు చోటు లేదు. అక్కడే బుద్ధిగా ఉండు.

పక్కింటి లుద్మిలా పిన్ని మన ఊరి పత్రిక పట్టుకొచ్చింది. నీ గురించి రెండు పేరాలు రాశారు. "వెన్న డెయిరీ వెనక ఖాళీ జాగాలో తండ్రి వాత్స్లావ్ కూబాట్ రోజూ సాయంత్రం కొట్టిన బంతులే తనను ఇంతవాణ్ణి చేశాయని మైలో ఎన్నోసార్లు చెప్పుకున్నారు" అట. నాకు తెలిసి నాన్న ఆ డెయిరీ వెనక్కి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ నిన్ను చెవి పట్టుకుని ఇంటికి లాక్కుపోవడానికే. పోనీలే, పోయిన మనిషికి మంచిపేరు వస్తే నేనెందుకు అడ్డం.

ఆ లూసియానా అబ్బాయి చేతుల్ని చూడటం మానేసి కాళ్ళు చూడు. బంతి చేజారిందంటే చాలాసార్లు తప్పు కాళ్ళది.

ఎమిల్ అడగమన్నాడు: కోచ్‌కి కూడా ఆ నిలువు చారల చొక్కా ఇస్తారా?

అక్క

ఫెర్రిస్‌బర్గ్
మే 19

అక్కా,

ఇస్తారు. పొట్ట దగ్గర చారలు వంకరపోతున్నాయని బావకి చెప్పు.

పత్రికలవాళ్ళు ఏదో ఒకటి రాస్తారు, దాన్ని వదిలెయ్. ఇక్కడ నా ప్రాణం మీదికి వచ్చింది. ఆల్సైడ్ నాలుగు వారాల్లో పదిహేడు తప్పులు చేశాడు. మా జట్టు పేరు మ్యూల్స్ కదా, మొన్న ఊళ్ళోవాళ్ళు ఒక నిజం కంచరగాడిదను తెచ్చి షార్ట్‌స్టాప్ చోట కట్టేశారు. క్రాండల్ నవ్వలేదు. జూన్ నెలాఖరు దాకా చూస్తానని, అప్పటికీ మారకపోతే ఆల్సైడ్‌తో పాటు నన్నూ బస్సెక్కిస్తానని చెప్పాడు. చాలా మర్యాదగానే చెప్పాడు.

నేను చెప్పేవన్నీ చెప్పాను. వంగమన్నాను, కాచుకోమన్నాను, బంతిని ప్రేమించమన్నాను. ఆఖరిది ఎందుకన్నానో నాకే తెలియదు. వాడు బుద్ధిమంతుడు, అన్నింటికీ "సరే కోచ్" అంటాడు. బంతి మళ్ళీ పక్కనుంచి పోతుంది.

నాకు నేలబంతి పట్టడం తెలుసు గానీ ఎలా తెలిసిందో గుర్తు లేదక్కా. డెయిరీ వెనక నువ్వు నా చేతికి ఏదో కట్టేదానివి. ఏదో అరిపించేదానివి. అదేమిటో కాస్త రాయవూ.

మైలో

హాలెక్
మే 27

మైలో,

గుర్తు లేదంటే నమ్ముతాను. నేను కొట్టిన బంతుల్లో సగం నీ తలకే తగిలాయి కదా.

చేతికి కట్టింది వెన్న డబ్బా రేకు మూత. గ్లవ్ ఉంటే మనిషి బంతిని లాక్కుందామని చూస్తాడు. రేకుతో ఏమీ లాక్కోలేడు. బంతి తగిలే క్షణంలో చెయ్యి వెనక్కి మెత్తగా తీసుకోవాలి, రెండో చెయ్యి వెంటనే మీద పడాలి, లేకపోతే అది ఎగిరి పళ్ళు రాలగొడుతుంది. రెండు వారాలు గ్లవ్ ముట్టుకోనివ్వకు.

అరిపించింది "ఇప్పుడు" అని. బంతి నేలకు తగిలిన ప్రతిసారీ పైకి అనాలి. ఇప్పుడు, ఇప్పుడు, ఇప్పుడు. నోరు ఆ పనిలో ఉంటే భయపడటానికి తీరిక ఉండదు, కాళ్ళు వాటంతట అవే ముందుకు పోతాయి. బంతి తన దగ్గరికి వచ్చేదాకా కాచుకునేవాడు ఎప్పుడూ ఆలస్యమే.

ముఖ్యమైనది ఇంకొకటుంది. మనిషి మీదికి కొట్టకు. అతనికి అందే చోటు కంటే ఒక్క అడుగు అవతల కొట్టు. అందిన రోజున ఇంకో అడుగు జరుపు. తిట్టకు. నేను తిట్టేదాన్ని, దానివల్ల నీకు తిట్లు వచ్చాయి తప్ప ఆట రాలేదు.

మూతలు కాస్త పెద్దవి చూసుకో. సెలవుల ముందు వారం, బడి పిల్లలకి గసగసాల బన్నులు చెయ్యాలి. ఉంటాను.

అక్క

ఫెర్రిస్‌బర్గ్
జులై 9

అక్కా,

నేనింకా ఇక్కడే ఉన్నాను. ఆల్సైడ్ కూడా.

స్టేడియం ఎదుట హోటల్ నడిపే ఆవిడ దగ్గర పందికొవ్వు డబ్బాల మూతలు అడిగి తెచ్చాను. నలుగురికీ తలా ఒకటి గుడ్డపీలికతో కట్టాను. ఆల్సైడ్ తన చేతిని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుని, "కోచ్, నేను ప్రొఫెషనల్ ఆటగాణ్ణి అయ్యానని మా అమ్మ ఊరంతా చెప్పుకుంటోంది," అన్నాడు. ఆవిణ్ణి ఈ వారం రావద్దని రాయమన్నాను.

పెద్ద మగవాళ్ళు నలుగురు రేకులు మోగించుకుంటూ "ఇప్పుడు, ఇప్పుడు" అని అరుస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. ఎదుటి జట్టువాళ్ళు వాళ్ళ సాధన మానేసి కూర్చుని చూసేవాళ్ళు. ఎవరో చర్చి పాదిరీకి కబురు పెట్టారు. ఆయన వచ్చి చూసి, హాని ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయాడు. నేను ఒక్క అడుగు అవతల, మళ్ళీ ఒక్క అడుగు అవతల కొడుతూ పోయాను. నా కొట్టుడు ఎంత సొంపుగా ఉందంటే, మొదటి రోజు రెండు బంతులు టికెట్ల కిటికీలోకి వెళ్ళాయి.

పదకొండో రోజున ఆల్సైడ్ బంతి వైపు పరిగెత్తాడు. అదివరకు వాడు అలా చేయడం నేను చూడలేదు. గత మూడు వారాల్లో ఒకే ఒక్క తప్పు. క్రాండల్ నా దగ్గరికొచ్చి, ఇంత తెలిసినవాడివి పదహారేళ్ళు నువ్వెందుకు అలా ఆడావని అడిగాడు.

అంతటితో అయిపోలేదు. ప్రధాన కార్యాలయం నుంచి పెండర్‌గ్రాస్ అనే పెద్దమనిషి వచ్చి చూసి, ఈ పద్ధతంతా ఒక చిన్న పుస్తకంగా రాయమన్నాడు. వాళ్ళ కింద ఉన్న జట్లన్నింటికీ పంచుతారట. పుస్తకం వస్తే వచ్చే ఏడు నన్ను టెక్సస్‌లో పై జట్టుకు మారుస్తారట. ఆయన వెంట ఒమాహా పెద్ద పత్రిక విలేఖరి కూడా వచ్చాడు. నెబ్రాస్కా వాణ్ణి కదా అని నన్ను చాలా ప్రశ్నలు అడిగాడు. ఏవో చెప్పాను.

బావకి నమస్కారాలు.

మైలో

హాలెక్
ఆగస్టు 2

మైలో,

ఒమాహా పత్రిక చూశాం. నాన్న ఫొటో బాగా వచ్చింది. ఆయన రేకు మూతలు కనిపెట్టాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఎమిల్ ఆ పేజీ మడిచి ఎక్కడో పెట్టాడు. ఎక్కడని నేను అడగలేదు.

ఇక ఆట సంగతులు ఏమైనా కావాలంటే నాన్ననే అడుగు.

రోజలీ

ఫెర్రిస్‌బర్గ్
ఆగస్టు 20

అక్కా,

ఇది నాలుగో ఉత్తరం. మొదటి మూడూ చించేశాను. మొదటిదాంట్లో విలేఖరిదే తప్పన్నాను. రెండోదాంట్లో నువ్వు పట్టించుకోవనుకున్నానని రాశాను. మూడోది చాలా అందంగా వచ్చింది, అందుకే చించేశాను.

జరిగింది చెబుతాను. పంతొమ్మిదేళ్ళప్పుడు, నా రెండో ఏడు, ఒక విలేఖరి నన్ను నీకు ఆట ఎవరు నేర్పారని అడిగాడు. చుట్టూ జట్టంతా బట్టలు మార్చుకుంటున్నారు. ఒకడు అప్పటికే నా నడక చూసి ఆడపిల్లలా ఉందని వెక్కిరిస్తున్నాడు. మా అక్క అని నోటిదాకా వచ్చింది. మా నాన్న అన్నాను. ఒక్క మాటే కదా అనుకున్నాను.

తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకొకడు అడిగాడు. మళ్ళీ నాన్నే అన్నాను. మూడో ఏడు నాన్నకి పాత తోలు గ్లవ్ ఒకటి ఇచ్చాను. తర్వాత ఒక సీజన్‌లో ఆయన పొలం పనికి ముందు తెల్లవారుజామున కూడా కొట్టేవాడని చెప్పాను. పదిహేనేళ్ళలో నేను తయారు చేసిన ఆటగాడు ఎవరైనా ఉన్నారంటే ఆయన ఒక్కడే. బతికుండగా నీళ్ళపంపు తప్ప దేన్నీ కొట్టి ఎరగని మనిషి. ఇప్పుడు నాకంటే ఆయన పేరే ఎక్కువమందికి తెలుసు.

ఈ జులైలో మాత్రం నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. నీ ఉత్తరం నా వెనక జేబులోనే ఉంది. దాని మీద కూర్చుని నాన్న పేరు చెప్పాను. దానికి నేను ఏ సాకూ చెప్పలేను.

పుస్తకం మొదటి పేజీలో నీ పేరు ఉంటుంది. ఒకటి మాత్రం అడగనివ్వు. నేను ఎప్పుడూ అడగలేదు, అదీ సిగ్గుగానే ఉంది. నీకు ఎవరు నేర్పారక్కా?

మైలో

హాలెక్
సెప్టెంబరు 10

మైలో,

మూడు వారాలు నీకు రాయకుండా ఉన్నాను. కోపం ఇంకా కొంచెం ఉంది, కానీ నువ్వు అడిగిన ప్రశ్న నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. నాన్నకి గ్లవ్ ఇచ్చిన చోట నవ్వొచ్చింది కూడా. వద్దనుకున్నా ఆగలేదు.

నలభై నాలుగులో, నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, పన్ను నొప్పని చెప్పి ఒమాహాలో పెద్దమ్మ ఇంటికి వారం రోజులు వెళ్ళాను, గుర్తుందా? వెళ్ళింది ఒమాహాకి కాదు. ఇల్లినాయ్‌లో ఆడవాళ్ళ బేస్‌బాల్ జట్లకి మనుషుల్ని ఎంచుతున్నారని డెయిరీలో ఎవరో పత్రిక పడేసిపోతే చదివాను. పెద్దమ్మ ఒక్కతికే నిజం చెప్పాను. ఆవిడ ఆ గుట్టు తనతోనే పట్టుకుపోయింది.

నూట యాభై మంది వచ్చారు. రేకు మూత నా తెలివి కాదు. నా పక్క మంచం కెనడా అమ్మాయిది, సస్కాచెవాన్ గోధుమ పొలాల నుంచి వచ్చింది. వాళ్ళ అన్నలు గ్లవ్ ఇవ్వకపోతే అలా నేర్చుకుందట. "ఇప్పుడు" అనడం కూడా ఆ పిల్ల దగ్గరే విన్నాను. ఆమె పేరు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు. కాబట్టి దొంగతనంలో నువ్వు ఒంటరివి కాదు.

మొదటి రెండు రోజులు ఒక్క బంతి కూడా వదల్లేదు నేను. అక్కడి కోచ్ నన్ను అందరి ముందూ నిలబెట్టి చూపించాడు. మూడో రోజు విసరమన్నారు. నేను విసిరిన బంతి మొదటి బేసు దాకా చేరేలోగా కొట్టినమ్మాయి చేరి, సాక్సు సరిచేసుకుంది. ఆయన మంచివాడే. "చేతులు బంగారం అమ్మాయ్, భుజం మాత్రం తపాలా వాడిది," అన్నాడు. ఆ మధ్యాహ్నమే టికెట్ ఇచ్చి పంపేశారు.

తిరుగు దారిలో గుర్తొచ్చింది, ఇంటికెళ్తే అమ్మ నోరు తెరిపించి చూస్తుందని. ఒమాహాలో దిగి, స్టేషన్ ఎదురుగా ఉన్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. పన్ను రాయిలా ఉంది, ఎందుకు తీయాలని ఆయన గొడవపడ్డాడు. తీసేయండి అన్నాను. నువ్వు అబద్ధానికి ఒక గ్లవ్ ఇచ్చావు, నేను దవడ పన్ను ఇచ్చుకున్నాను. మన ఇంట్లోనే ఉంది ఈ గుణం.

ఇంటికొచ్చాక కూర్చుంటే ఏడుపొచ్చేది. డెయిరీ వెనక్కి వెళితే నువ్వు గోడకేసి బంతి కొట్టుకుంటున్నావు. నీ మీద ప్రేమ పొంగి నేర్పానని మాత్రం రాసుకోకు. ఎవరో ఒకరి మీద బంతులు కొట్టకపోతే నేను బతకలేకపోయేదాన్ని, అప్పుడు నువ్వు ఎదురుగా ఉన్నావు. ప్రేమ వగైరా ఆ ఏడాది చివర్లో ఎప్పుడో వచ్చి ఉండాలి.

ఇదంతా నిన్న రాత్రి భోజనాల దగ్గర ఎమిల్‌కి మొదటిసారి చెప్పాను. పెళ్ళై పద్దెనిమిదేళ్ళు. అంతా విన్నాడు. తర్వాత "ఏ పన్ను?" అని అడిగాడు. చూపించాను.

నా పేరు వేస్తే, మూడో రోజున పంపేశారని కూడా వెయ్యి. అది లేకుండా వద్దు.

అక్క

ఫెర్రిస్‌బర్గ్
1968 ఏప్రిల్ 28

అక్కా,

పై అడ్రసు చూశావు కదా. టెక్సస్ కాదు.

చలికాలమంతా పుస్తకం రాశాను. మొదటి పేజీలో నువ్వు చెప్పినట్టే రాశాను, కెనడా అమ్మాయితో సహా, మూడో రోజుతో సహా. ఫ్లోరిడా శిక్షణ శిబిరంలో పెండర్‌గ్రాస్ నన్ను పిలిపించాడు. పుస్తకం బ్రహ్మాండంగా ఉందని, మొదటి పేజీ ఒక్కటి మార్చమని అన్నాడు. "తండ్రి నేర్పాడంటే అందరికీ నచ్చుతుంది మైలో. అక్క అంటే కుర్రాళ్ళు నవ్వుతారు. పైగా సెలెక్ట్ కాని ఆవిడ."

రేకులు కట్టుకున్నప్పుడు ఎలాగూ నవ్వారు, దాంతో ఎవరి ఆటా పాడవలేదని చెప్పాను. పోనీ "ఒక బంధువు" అని వేద్దామన్నాడు. నేను వద్దన్నాను. చాలా ధీరంగా అన్నాననుకోకు, గొంతు కీచుగా వచ్చింది, టోపీ చేతిలోంచి పడిపోయింది. దాన్ని తీసుకోవడానికి వంగితే నడుం పట్టేసింది. ఆ వంగిన భంగిమలోనే రెండోసారి కూడా వద్దన్నాను.

పుస్తకం వేరే కోచ్ పేరుతో వచ్చింది. నీ పేరూ లేదు, నా పేరూ లేదు. నాన్న పేరు కూడా లేదు, అదొక్కటే ఊరట. టెక్సస్ ఉద్యోగం కూడా ఆ కోచ్‌కే ఇచ్చారు. ఈ పదహారు పదిహేడేళ్ళలో పై మెట్టు నా అంతట నేను వదులుకోవడం ఇదే మొదటిసారి. మిగతావన్నీ వాళ్ళే లాగేశారు.

ఆల్సైడ్ మాత్రం పైకి వెళ్ళాడు. వెళ్ళే ముందు ఆ నలుగురినీ కూర్చోబెట్టి నీ సంగతంతా చెప్పాను. పదిహేనేళ్ళ అబద్ధంతో సహా. ఎవరూ నవ్వలేదు. ఆల్సైడ్ అడిగాడు: "అయితే కోచ్, ఇన్నాళ్ళూ మేం ఆవిడ దగ్గరే నేర్చుకున్నామన్నమాట. మరి మీరేం చేశారు?"

తపాలా మోశానన్నాను.

ఇప్పుడు కొత్తవాళ్ళు నలుగురొచ్చారు. మూతల్ని హోటల్లో సర్వర్లు పళ్ళేలు పట్టినట్టు పడుతున్నారు. నా చేత కావడం లేదు. బడి సెలవులిచ్చాక ఒక్క వారం రాగలవా? క్రాండల్‌ని అడిగాను. ఆవిడ తిడుతుందా అన్నాడు. ఇప్పుడు మానేసిందని చెప్పాను.

మైలో

హాలెక్
మే 30

మైలో,

పుస్తకం తెప్పించుకుని చూశాను. పదకొండో పేజీలో బొమ్మ తప్పు. మూత అలా పడితే బొటనవేలు విరుగుతుంది. అది చూస్తూ నిలబడి నూట నలభై మంది పిల్లల సూపు మాడబెట్టాను. పదేళ్ళలో మొదటిసారి.

నువ్వు ఆ ఉద్యోగం వదులుకోవడం తెలివితక్కువ పని అని ఎమిల్ అన్నాడు. నేనూ అదే అన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదువుకున్నాం. నీ టోపీ పడిపోయిన చోట ఎమిల్ రెండుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి చదవమంటే ఉత్తరం మడిచి జేబులో పెట్టేసుకున్నాను.

శుక్రవారంతో బడి మూస్తారు. జూన్ 13, గురువారం మధ్యాహ్నం రెండింటి బస్సుకి ఫెర్రిస్‌బర్గ్‌లో దిగుతాను. ఎమిల్ రావడం లేదు, కోళ్ళని చూసుకోవాలట. నిజానికి అతనికి బంతులంటే భయం.

నాకు నలభై మూడేళ్ళు. మోకాళ్ళు చెప్పిన మాట వినవు, కాబట్టి పట్టి చూపించమని అడగొద్దు. కొట్టడం మాత్రం నిన్న డెయిరీ వెనక్కి వెళ్ళి సరిచూసుకున్నాను. అవతల ఎవరూ లేకపోయినా, ఎక్కడ పడాలనుకున్నానో అక్కడే పడ్డాయి.

ఆ కొత్తవాళ్ళకి నా గురించి ముందే ఏమీ చెప్పకు. విలేఖరులు ఎవరైనా వచ్చి నన్ను చూసి ఈవిడెవరని అడిగితే, నువ్వు దయచేసి నోరు తెరవకు. ఈసారి నేను చెప్పుకుంటాను.

అక్క